రేకుల షెడ్డులో బీరు

కుప్పం.

మదనపల్లెలో ఉన్న అక్కకు తమ్ముడు హరి దండాలు. నేను కులాసా. మీరంతా బాగుండాలి, ముఖ్యంగా బావ కడుపు.

అక్కా, ఈ ఉత్తరంలో చేయబోయే ఘోరానికి ముందే నీ కాళ్లు పట్టుకుంటున్నాను. నన్ను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివించిన పాపానికి, ఆ కెమిస్ట్రీ అంతా ఇవాళ నీ నెత్తిన పోస్తాను. ఫోన్ చేద్దామంటే బావ స్పీకరు పెట్టమంటాడు. అందుకే మీ ఊరు వస్తున్న మా రూమ్మేటు చేతికిచ్చి పంపుతున్నాను.

ఇక్కడ మెస్సువాడు మూడు భాషల్లో పలకరించి ఒకే రుచితో వండుతాడు. కాస్త చింతకాయ పచ్చడి పంపు. సాయంత్రమైతే గదిలో నాతో మాట్లాడేది ఫ్యాను ఒక్కటే. అయినా బాగానే ఉన్నాను, బెంగపడొద్దు.

బీరు కంపెనీ ల్యాబులో నా పని తాగడం కాదు, కొలవడం. బార్లీని వేయించినప్పుడు, రసాన్ని మరిగించినప్పుడు ఆ వేడికి ఫర్‌ఫ్యూరాల్ లాంటి అక్కర్లేని రసాయనాలు పుడతాయి. ప్రతి బీరులోనూ కాస్త ఉంటాయి. అయితే మూత పడ్డాక కూడా, సీసా వేడిలో ఉంటే అవి మెల్లగా పెరుగుతూనే ఉంటాయి. చల్లటి గదిలో ఆ పెరుగుదల చాలా తక్కువ. పైకి మాత్రం అదే రంగు, అదే నురగ. తాగినవాడు అక్కడికక్కడే పడిపోడు. ఎంత తాగితే ఎంత చెరుపో మా సార్లే గట్టిగా చెప్పలేకున్నారు. నా భయమంతా అదే.

పోయిన ఆదివారం నేను వచ్చినప్పుడు బావ తన పాత టమాటా షెడ్డు చూపించాడు. పుంగనూరులో తెరవబోయే బారుకని మా కంపెనీ బీరే నిండా పేర్చి, తడి గోనెపట్టాలు కప్పి ఉంచాడు. రేకుల వేడికి లోపల ఊపిరాడలేదు. చల్లటి గది చూడమన్నాను.

"యాల? టమాటా ఫ్రిజ్జులో పెడితే సప్పబడతాది. సరుక్కు నీడ సాలు. అమ్మే ముందర సల్లగా చేస్తే ఎవునికి తెలుస్తాది?"

"వేడికి పుట్టింది సల్లబెడితే పోదు బావా."

"నీ సదువు నువ్వు తాగు, దీన్ని నేను తాగుతా," అని ఒకటి తెరిచాడు. రోజూ సాయంత్రం అదే షెడ్డులోంచి ఒకటి 'టెస్టు' చేస్తున్నాడట. నీకు తెలుసా?

టమాటా వ్యాపారం మానేసి మీరిద్దరూ నమ్ముకున్నది ఆ బారునే. అందుకే ఇంతసేపు నాన్చాను.

పెద్దవాళ్లందరికీ నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీ దీవెన ఈసారి కాస్త ఎక్కువే కావాలి. ఎందుకంటే, ఆ రోజు బావకు తెలియకుండా రెండు సీసాలు సంచిలో వేసుకొచ్చి ల్యాబులో పరీక్ష చేశాను. లెక్క ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ రావడంతో, మా వెంకటప్ప సారు రెండో సీసాను తనే మళ్లీ పరీక్షించారు. తర్వాత మెల్లగా అడిగారు.

"యాడిదప్పా ఇది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. సోమవారం షెడ్డుకు కంపెనీవాళ్లు వస్తారు, సరుకంతా వెనక్కి తీసుకుపోతారు. బావ పేరు చెప్పింది నేనే అక్కా.

నీ తమ్ముడు,
హరి