అత్తమ్మ కడుపు కదిలింది

మంగళవారం రాత్రి, కరీంనగర్ దవాఖాన

ఇయ్యాల పొద్దుగూకంగ అత్తమ్మ నన్ను దగ్గరికి గుంజి చెవుల చెప్పింది: "పిల్లా, గాలి పోయిందే!" వార్డంత ఇనవడేటట్టు అరిచిన. గాలి పోతే పేగు మల్ల పనిచేస్తున్నట్టేనని ఆపరేషన్ అయినంక డాక్టరమ్మ చెప్పింది మరి.

తొడ మొదట్ల లేసిన చిన్న గడ్డల పేగు ఇరుక్కున్నదట. శాన తక్కువమందికొచ్చే హెర్నియా అట. వాంతులైనా, కడుపు ఉబ్బినా, సిగ్గుకు అత్తమ్మ గడ్డ సంగతి ఎవ్వరికీ చెప్పలే. మొన్న చీర మారుస్తుంటే నాకే కనవడ్డది. ఇంకొక్క పూట ఆగితే...

శ్రీరాంపూర్ బొగ్గుబాయిల డ్యూటీకి పోతున్న మా ఆయనకు ఫోన్ చేస్తే, "మా అవ్వ పిత్తిందా!" అని రోడ్డు మీదనే ఎగిరి దునికిండట.

"ఇంకేమన్న దాసినవా అత్తమ్మా?" అని అడిగిన. "మోకాలు గూడ నొస్తదే," అన్నది. నాకు చెప్పింది! ఇగ ఈ సంబురంల నాకు నిద్రెట్లొస్తది?