పప్పు ఉడకని నీళ్ళు

ఏమండీ,

మొన్న మన జగ్గయ్యపేట ఇంటికి బోరుబండి వచ్చింది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు చూసే ఆయన వాకిట్లో వేయమన్నాడు. నేను మాత్రం మీరు బతికుండగా పట్టుబట్టిన చోటే, పెరట్లో బట్టలుతికే బండ పక్కనే వేయించాను.

సున్నపురాయి పొడికి నేనూ, పక్కింటి గేదే తెల్లబడ్డాం. ఉన్నట్టుండి రాడ్డు సర్రున కిందికి జారింది. "రాయిలో బొరియ తగిలిందమ్మా, ఇంక చూస్కోండి!" అని బోరుబండి అతను అరిచేలోపే నీళ్ళు డాబా ఎత్తున ఎగిరాయి.

ఇవాళ మోటారు బిగించి, ఆ నీళ్ళతోనే కందిపప్పు పెట్టాను. కుక్కరు కూతలు పెట్టి అలిసిపోయింది గానీ పప్పు మెదగలేదు. అక్కడ నీళ్ళు పడతాయని మీరన్నారు, ఆ సున్నపు నీళ్ళకి పప్పు ఉడకదని నేనన్నాను. ఇద్దరం గెలిచాం.

మీ ఫొటో ముందు ఆ పప్పే పెట్టాను. నమలండి.