చిన్ని నన్ను చూసి ఎందుకు అరుస్తోంది

తార్నాక
జులై 1995, మంగళవారం

అమ్మ కర్మ అయినప్పటి నుంచి చిన్ని నన్ను చూస్తే చాలు, అరిచి వాళ్లమ్మ సరళ వెనక దాక్కుంటోంది. పదేళ్లొచ్చినా మాటలు రాని పిల్ల, ఏమైందో చెప్పలేదు. అంతకుముందు నా ఒళ్లో కూర్చుంటే తప్ప అన్నం తినేది కాదు.

ఈ సాయంత్రం యూనివర్సిటీ క్యాంపస్‌లో సైకాలజీ మేడమ్‌కు చూపించాం. "నాయనమ్మ మీద బెంగ పెట్టుకున్నదేమో, కొన్ని రోజులు ఆగండి" అన్నారు. కావచ్చు. కానీ కోపం నా ఒక్కడి మీదే ఎందుకు? వచ్చేటప్పుడు రోడ్డు దాటుతూ కూడా నా చెయ్యి పట్టుకోలేదు.

ఇంటికొచ్చిన కాసేపటికి కరెంటు పోయింది. కొవ్వొత్తి ఎక్కడుందని సరళను అడుగుతుంటే ఒక చిన్న చెయ్యి నా మోకాలు తడిమింది. చిన్ని ఒళ్లోకి ఎక్కి, ఎప్పటిలాగే ఛాతీకి తల ఆనించింది. నేను కదల్లేదు. అంతలో కరెంటు వచ్చింది. తలెత్తి నా ముఖం చూసి, అరుస్తూ పారిపోయింది.

సరళ నన్నే చూస్తూ నిలబడింది. "గుండు చేయించుకున్నరు, మీసం తీసేసిన్రు. మీరెవరో దానికి తెలుస్తలేదు. చీకట్ల గొంతు విని వచ్చింది" అంది.

నాయనమ్మతో పాటు నేనూ పోయాననుకుందేమో. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరో కొత్తవాడు తిరుగుతున్నాడని భయపడిందేమో.

లేచి లైటు ఆర్పేశాను. "చిన్నీ, బాపును బిడ్డా" అంటూ అన్నం కలిపాను. వచ్చి ఒళ్లో కూర్చుని తింది.

తెల్లారితే ఏం చేయాలో తెలియదు. మీసం వచ్చేదాకా మాట్లాడుతూనే ఉండాలి...