బావ వెతుకుతున్న ఓనర్

బాన్సువాడ, మంగళవారం
ఫిబ్రవరి 2005

పొద్దుగాల ఎమ్మెల్యే అన్నను చక్కెర ఫ్యాక్టరీ గేటు కాడికి తీస్కపోయిన. చెరుకు కొట్టనీకి పర్మిట్లు ఇస్తలేరని రైతులు ధర్నాకు కూసున్నరు. వాళ్లల్ల మా బావ కూడ ఉన్నడు. పెద్ద కొడప్‌గల్‌ల ఆయన చెరుకు పూతకొచ్చి ఎండిపోతుంది.

అన్న కారు దిగి వాళ్ల నడుమ కూసున్నడు. "కంపెనీతోని నేను కొట్లాడుత, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నడు. బావ లేచి అన్న మెడల దండ ఏసిండు. నేను కారు దిగలే.

రెండేండ్ల కింద అన్న కాయితాలు తెచ్చి సంతకం పెట్టమంటే చదవకుంటనే పెట్టిన. ఆ ఫ్యాక్టరీల అన్న వాటా మొత్తం నా పేరు మీదనే ఉన్నదని మొన్న ఆడిటర్ నవ్వుకుంట చెప్పిండు. డ్రైవర్ పేరు ఎవ్వరు చూడరట.

అన్నను అడుగుదామనుకుంట. కని నా పెండ్లాం పద్మ కాన్పు కష్టమైన దినం, నన్ను ఆమె పక్కన ఎనక కూసోవెట్టి, నిజామాబాద్ దవాఖాన దాక తనే కారు నడిపిండు. గసొంటి మనిషిని ఏమని అడగాలె...

ఇయ్యాల బావ మా ఇంట్లనే ఆగిండు. పద్మ జొన్న రొట్టెలు చేసింది. తినుకుంట బావ అన్నడు: "నువ్వు పెద్దోళ్లతోని తిరుగుతవు గదా బామ్మర్ది, ఆ ఓనర్ ఎవలో జెర చూపియ్యి. నేను లొల్లి చెయ్య. కాళ్లు మొక్కి అడుగుత."

ఆయన పళ్లెంల ఇంకో రొట్టె ఏసిన.

"తిను బావా, సల్లారుతది" అని చెప్పిన.