డేగను సాకిన చెయ్యి

మెట్టవలస,
నవంబరు 1968.

ప్రియమైన గౌరికి,

ఉత్తరానికి తల అలాగే ఉండాలి కాబట్టి ‘ప్రియమైన’ అని రాశాను. అంతకు మించి అర్థాలు తియ్యకు.

కానుగ నూనె సీసా ఎక్కడ దాచావు? నల్లోడు గోక్కుని గోక్కుని వీపంతా పుండు చేసుకున్నాడు. ఇంట్లో నేను వెతకని మూల లేదు. వెళ్ళేటప్పుడు చీరలతో పాటు దాన్ని కూడా మూటగట్టుకుపోయి ఉంటావని అమ్మ అంటోంది. నీ మేనత్త అన్న మాటే రాస్తున్నాను, నా మీద పడకు.

కొండ మీంచి మంచు దిగుతోంది. పొద్దెక్కేదాకా ఎదురిల్లు కనపడటం లేదు. కుక్కలు రెండూ, నల్లోడూ డేగా, ముడుచుకుని పడుకుంటున్నాయి, పిలిచినా లేవవు. డేగ అయితే గిన్నె చూసి మొహం తిప్పేస్తోంది. దానికి నువ్వేం పెట్టేదానివో, ఏం మందు పెట్టి మాయ చేశావో నీకే తెలియాలి. చెరకులో అడవిపందులు పడ్డాయి. తుపాకులన్నీ పోలీసులు స్టేషనులో పెట్టించేశారు, ఈ ఏడు బల్లేలూ కుక్కలే దిక్కు. డేగ లేచి తిరగకపోతే మనకి చెరకూ లేదు, బెల్లమూ లేదు.

ఒక నూలు శాలువా కోసం ఇల్లు విడిచిపోయిన ఆడదాన్ని ఈ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. మీ అమ్మ వడికినంత మాత్రాన అదేమైనా బంగారమా? తుఫాను వానలో పందిని తరిమి వచ్చిన కుక్క కళ్ళముందు వణికి చచ్చిపోతుంటే చేతికందిన గుడ్డ వేశాను. ఊరంతా నవ్వుతోంది. నూనె సంగతి వెంటనే రాయి.

నీ మెడలో పుస్తె కట్టినవాడు,
అప్పలసూరి


పొందూరు.

ప్రియమైన బావకి,

నువ్వు అంటించిన తలే నేనూ అంటించాను. మన ఇద్దరికీ సరిపోయింది.

నీ నూనె సీసా నాకెందుకు? ఇక్కడ గోక్కునేవాళ్ళెవరూ లేరు. వంటింటి అటక మీద పాత చేట వెనక చూడు. కాస్త వెచ్చబెట్టి, పసుపు కలిపి, ఎండ బాగా ఎక్కాక రాయి. సాయంత్రం రాశావంటే ఆ తడితో రాత్రి చలికి బిగుసుకుపోతాడు. నల్లోడి కోసం చెప్తున్నాను, నీ కోసం కాదు.

కుప్ప పైగడ్డి పీకి కుక్కల కింద వేస్తున్నావని నాకు ఇక్కడికే తెలుస్తోంది. పైగడ్డి మంచుకి తడిసి ఉంటుంది. లోపలికి చెయ్యి పెట్టి పొడిగడ్డి లాగు. కాస్త ముక్కిన వాసన రాగానే తీసి పారేసి కొత్తది వెయ్యి. ఒకసారి వేసి ఏడాదంతా అదే ఉంటుందనుకోకు. నువ్వు ఇంట్లో చాలా వాటి గురించి అలాగే అనుకుంటావు.

చేతికందిన గుడ్డ అన్నావు. ఎక్కడ అందింది, దండెం మీదా? జ్వరంతో నులకమంచం మీద పడి ఉన్న నా ఒంటి మీంచి తీశావు. నిద్రపోతున్నాననుకున్నావు. కళ్ళు మూసుకుని ఉన్నాను, అంతే. నువ్వు కొస పట్టి లాగడమూ, అది నా కాళ్ళ మీంచి జారడమూ అన్నీ తెలిశాయి. నవ్వుతున్న మీ ఊరికి ఆ మాట చెప్పావా? చెప్పి ఉండవు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వుకుని మా అమ్మ ఏడాదిపాటు వడికిన నూలు గురించి నేను ఏడవడం లేదు. గుడ్డ పోతే పోయింది.

మీ అటక మీద ఏముందో తెలిసిన ఒకే ఒక్క మనిషి,
గౌరి


మెట్టవలస,
డిసెంబరు.

ప్రియమైన గౌరికి,

నూనె దొరికింది. చేట వెనక కాదు, చేట కింద. నీ మాటల్లో నిజం ఎప్పుడూ అంతే ఉంటుంది.

నీకు జ్వరం దిగిపోయిందనుకున్నాను. అనుకోవడం కూడా నేరమేనా?

కుక్కల్ని నేను చలికి వదిలేశానని పొందూరంతా చాటుతున్నావేమో, విను. ఆమదాలవలస నుంచి రేకు తెప్పించి వాటికి గది కట్టించాను. మనిషి నిలబడేంత ఎత్తు. ఊళ్ళోవాళ్ళందరూ వచ్చి చూసిపోయారు. కుక్కలు మాత్రం అందులో అడుగు పెట్టవు. లోపలికి ఈడ్చినా తిరిగొచ్చి మన గుమ్మం బయటే పడుకుంటున్నాయి. ఇదంతా నీ నిర్వాకం. పొయ్యి పక్కన పడుకోబెట్టి పాడు చేశావు. వేటకుక్క గడప దాటితే దాని ముక్కుకి వాసన పోతుందని మా నాన్న అనేవాడు. కడుపు నిండా పెడితే పరుగు పోతుందనీ అనేవాడు. నువ్వు రెండూ చేశావు.

పైగా డేగ పగలంతా రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటోంది. “కోడలెలిపోయిన దారే సూత్తన్నాదిరా అది. కుక్కకున్నపాటి గ్యానం నీకు నేదు” అని అమ్మ సన్నాయి నొక్కులు. రెండు రోజులుగా డేగ దగ్గుతోంది కూడా. పున్నమి వెళ్ళగానే వేట పెట్టుకుందామని అసిరయ్య మావ కబురు పెట్టాడు. ఈ దగ్గు నీ గారాబం వల్ల వచ్చిందే. దీనికి నువ్వే జవాబు చెప్పాలి.

అప్పలసూరి


పొందూరు.

ప్రియమైన బావకి,

రేకా! చలికాలంలో కుక్కలకి రేకు గది కట్టినవాణ్ణి నేనింతవరకు వినలేదు. ఆ రేకుకి తెల్లవారేసరికి లోపల నీళ్ళు పట్టి బొట్టుబొట్టుగా వీపు మీద పడతాయి. మనిషి నిలబడే ఎత్తు ఎందుకు, అందులో నువ్వు కాపురం ఉంటావా? అంత గదిని కుక్క తన ఒంటి వేడితో ఎలా వెచ్చబెట్టుకుంటుంది? ఊరు చూడ్డానికి కట్టావు, కుక్క పడుకోడానికి కాదు.

రేకు పీకెయ్. తాటాకు కప్పు వెయ్యి. కుక్క లేచి ఒక చుట్టు తిరిగి పడుకునేంత చోటుంటే చాలు. నేల తడి తగలకుండా కింద వెదురుబద్దలు పరిచి, వాటి మీద పొడిగడ్డి వెయ్యి. గాలి కొట్టే వైపు గుమ్మం పెట్టకు. గుమ్మానికి గోనెపట్టా వేలాడదియ్యి. గుడ్డ ఏదీ కింద పరవకు, తడి పీల్చుకుని ఒంటికి మంచుగడ్డలా అంటుకుంటుంది. నా శాలువా మీద కప్పావో కింద పరిచావో నాకు తెలియదు. నీ సంగతి తెలుసు కాబట్టి కిందే వేసి ఉంటావు.

కడుపు మాడ్చితే పరుగు వస్తుందా? మీ నాన్న అన్నమాటే గనక, ఈ చలికాలమంతా నువ్వు ఒక్క పూట తిని చెరకు కొట్టి చూపించు. చలిలో వాటికి ఎక్కువ తిండి కావాలి. చోడి అంబలి గోరువెచ్చగా చేసి, ఎండుచేపల తలలు నలిపి కలుపు. తాగడానికి కుండలో రాత్రి నీళ్ళు కాదు, అప్పుడే తోడిన నూతినీళ్ళు పెట్టు. తడిసి వస్తే గోనెతో ఒళ్ళు బాగా తుడిచాకే పడుకోనివ్వు. దగ్గు పూర్తిగా తగ్గేదాకా డేగని కొండకి తీసుకెళ్ళావో, దాని ఉసురు నీకు తగులుతుంది. అసిరయ్య మావ గొణిగితే గొణగనీ.

ఇంకో మాట. మీ వేటలో కుక్క వాటా అని ఒకటి ఉంది కదా. పందిని పట్టిన కుక్కని ఎవరు సాకితే వాటా వాళ్ళది, కుక్కా వాళ్ళదే. ఇన్నేళ్ళూ నువ్వు చెయ్యి చాపి తెచ్చుకున్నావు. ఈసారి డేగ పంది పడితే ఆ వాటా నాది. మావనే అడుగు.

ఇన్ని ఉత్తరాల్లో కుక్కల జబ్బులన్నీ రాశావు. నా జ్వరం తగ్గిందా అని రాయలేదు.

గౌరి


మెట్టవలస,
జనవరి 1969.

ప్రియమైన గౌరికి,

నీ కడుపు చల్లబడే కబురు రాస్తున్నాను, తీరుబడిగా కూర్చుని చదువుకో.

రేకు పీకేశాను. నువ్వు చెప్పావని కాదు, గాలికి చప్పుడు చేస్తోందని. తాటాకు వేసిన రోజే రెండూ లోపలికి పోయి పడుకున్నాయి, సిగ్గులేని కుక్కలు. దగ్గు పూర్తిగా తగ్గేదాకా వేట ఆపాను. ఈలోగా పందులు చెరకు ఇంకో మడి నాశనం చేశాయి. అది నీ ఖాతాలో వేసుకో.

వేటనాడు పంది చెరకు చివరి నుంచి బయటపడింది. నల్లోడు మొరిగి వెనక్కి తగ్గాడు. డేగ ఒక్కతే పోయి దాని చెవి పట్టింది. మేం బల్లేలతో చేరేదాకా వదల్లేదు. అంత పంది ఈమధ్య పడలేదని అందరూ అన్నారు.

కళ్ళంలో వాటాలు వేశారు. కుక్క వాటా ఆకులో పెట్టి, “డేగని సాకినోల్లు ముందుకి రండి” అన్నాడు అసిరయ్య మావ. నేను చెయ్యి చాపాను. మావ ఆకు ఇవ్వలేదు. “సెయ్యి సాపడం కాదురా అల్లుడా. దీనికి పిల్లప్పట్నించీ కూడెట్టినోల్లు ఎవులో నోటితో సెప్పు. వేటకాడ అబద్దమాడకూడదు” అన్నాడు. నువ్వే ఆయనకి ఉత్తరం రాసి ఉంటావు. అందరూ నా మొహమే చూస్తున్నారు. డేగ కూడా చూస్తోంది. “గౌరి” అన్నాను. ఇంకేముంది, ఒకటే నవ్వులు. “పెళ్ళాం పేరు సెప్పడానికి ఇంతసేపేటిరా” అని మావ వీపు చరిచాడు. మా నాన్న వాటా అందుకున్న కళ్ళంలో నా పరువు అలా పోయింది.

కాబట్టి వాటా నీది, డేగ నీది. మాంసానికి ఉప్పూ పసుపూ రాసి ఎండబెట్టాను. మావ బెల్లం బండి ఆమదాలవలస వెళ్తోంది, పొందూరు మీదుగా తిప్పుకుని అన్నీ దింపిపోతాడు. నీ బంగారు శాలువా కూడా ఆ మూటలోనే ఉంది, ఉతికించాను. వచ్చే ఏడు పందులు పడితే నీ పేరు చెప్పుకుని చెరకు వాటికే వదిలేస్తాను. ఇక నీకూ నాకూ ఏ బాకీ లేదు.

అప్పలసూరి


పొందూరు.

ప్రియమైన బావకి,

అసిరయ్య మావకి నేను ఉత్తరం రాయలేదు. నీ మీద నమ్మకం లేక ఆయనే అడిగి ఉంటాడు.

డేగ చేరింది. కుడిచెవి కొస చీలింది, ఆ సంగతి నువ్వు రాయలేదు. అరికాళ్ళు పగిలి ఉంటే ఆముదం పట్టించాను. దగ్గు లేదు. ఒళ్ళు చేసింది, బొచ్చు మెరుస్తోంది. చెప్పినవన్నీ చేశావన్నమాట. మెచ్చుకుంటున్నానని అనుకోకు.

రాట్నం ఉన్న ఇంట్లోకి పంది మాంసం రానివ్వనని మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పెరట్లో వండి వీధిలో పంచాను. డేగకి పెట్టాల్సింది పెట్టాను.

కుక్క గోళ్ళకి శాలువా చిరిగిన చోట గోనెలు కుట్టే పురికొసతో కుట్టి ఉంది. “ఇదేటే, బెల్లం సంచీ అనుకున్నారేటి ఎవులో!” అని మా అమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఎవరు కుట్టారని మావని అడిగితే, “ఆడే కుట్నాడమ్మా, సూది గుచ్చుకున్నపుడల్లా నన్ను తిట్నాడు” అన్నాడు. ఉతికించానని రాశావు, కుట్టానని రాయలేదు.

మర్నాడు పొద్దున్న డేగని బయటికి తీసుకెళ్ళాను. తాడు తెగేటట్టు నన్ను ఈడ్చుకుని రోడ్డు మీద టీ బడ్డీ దాకా పోయింది. అక్కడ బల్లంతా వాసన చూసి, దాని కిందే పడుకుని లేవనంది. బడ్డీ దేముడమ్మ నా మొహం చూసి, “నిన్న బెల్లం బండితో వొచ్చిన ఓ మనిసి ఇక్కడే కూకున్నాడు తల్లీ. బండి మీ ఇంటికెల్లి తిరిగొచ్చేదాకా మీ ఈదే సూత్తన్నాడు. టీ సల్లారిపోనాది గానీ తాగనేదు” అంది. గడప దాటిన కుక్కకి వాసన పోతుందన్నావు కదా. పోలేదు, చూశావా.

బండి మీద అంత దూరం వచ్చి, వీధి మొగలో కూర్చుని, అక్కడి నుంచే తిరిగిపోయావు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ శాలువా కొస పట్టుకునే ముందు “గౌరీ, డేగ చచ్చిపోయేలా ఉంది, ఇది ఇస్తావా” అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆ జ్వరంతోనే లేచి నా చేత్తో దానికి కప్పేదాన్ని. అది కళ్ళు తెరవకముందు నుంచి సాకాను, నాకు మాత్రం ప్రాణం కాదా? నువ్వు అడగలేదు. నూనె ఎక్కడుందో తిట్టి తెలుసుకున్నావు, తిండి ఏం పెట్టాలో తిట్టి తెలుసుకున్నావు. ఇంతకాలం కాపురంలోనూ అంతే.

డేగ ఇప్పుడు కూడా గుమ్మంలో కూర్చుని రోడ్డు వైపే చూస్తోంది. ఇక్కడికి వచ్చాక అది చూసేది నా దారి కాదు. కుక్కకి నోరు లేదు కాబట్టి దానికి అడక్కుండానే అన్నీ చూశాను. నీకు నోరుంది బావా. టీ బడ్డీ దగ్గర ఆగకుండా తలుపు దాకా వచ్చి, అడుగు.

ప్రస్తుతానికి డేగ యజమానురాలు,
గౌరి