నాన్న పుస్తకానికి లెన్సు

జయప్రకాష్‌కు మీ అక్క రాసేది. ఈసారికి ఆశీస్సులు లేవు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం మీ అమ్మాయి ప్రియ చేతికిచ్చి పంపుతున్నాను.

నాన్న చేత్తో రాసుకున్న నాటకాల పుస్తకాన్ని ఫొటోలు తీయించాలని మూడు నెలలు సాక్చి బజారులో కెమెరా షాపుల చుట్టూ తిరిగాను. దగ్గరి అక్షరాన్ని స్పష్టంగా పట్టే మాక్రో లెన్సు కావాలని, కెమెరాకి స్టాండు తప్పదని నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "ఏటక్కా, ఫొటోకి ఇంత తమాషా" అని నవ్వి పుస్తకం పట్టుకుపోయావు. ఒక చేత్తో పేజీ అదిమి, ఇంకో చేత్తో నీ చిన్న కెమెరా నొక్కి, ఒక్క పూటలో కానిచ్చేశావు. ఆ పైన "ఫొటోలొచ్చేసినాయి కదా, ఇంక ఈ చెదల పుస్తకం ఏటికి" అని జుగ్సలాయిలో పాత కాగితాలు కొనేవాడికి ఇచ్చేశావు.

నువ్వు పంపిన సీడీ ఇవాళ చూశాను. ప్రతి పేజీలోనూ నీ బొటనవేలు ఉంది. దాని మీద గీతలు లెక్కపెట్టొచ్చు. నాన్న అక్షరం మాత్రం ఒక్కటీ చదవడానికి రాదు.

ఆ సరుకు ఇంకా లారీ ఎక్కలేదని ప్రియ చెప్పింది. ఇప్పుడే గోదాముకి వెళ్లి కాగితాల గుట్టలన్నీ నువ్వే తిరగెయ్యి. ఆ వేలు అందుకైనా పనికొస్తుంది.

అక్క,
భాలుబాసా