కీర్తన బార కొలిచారు

సాల్మన్,

నిన్న సాయంత్రం నీ బిడ్డ కీర్తన రాష్ట్ర జూనియర్ బాస్కెట్‌బాల్ జట్టు శిబిరానికి ఎంపికైంది. నువ్వు పోయి పద్నాలుగు నెలలు.

మా పేపర్ డెస్క్ వాళ్లు ఆ వార్తకు 'తండ్రి అడుగుజాడల్లో' అని శీర్షిక పెట్టారు. నేను కొట్టేయించాను. ఎందుకని వాళ్లడిగారు. నీకు చెప్తాను... ఇంకెవరికి చెప్పినా అది మళ్లీ వార్త అవుతుంది.

ఎంపిక చేసింది మన పాత కోచ్ సారే. ఆయన పద్ధతి నీకు తెలుసు. ముందు ఆట చూడడు. పిల్లలను గోడకు ఆనించి రెండు చేతులూ చాపమంటాడు. ఈ కొస వేలి దగ్గరా ఆ కొస వేలి దగ్గరా సుద్దతో గీత. బార ఎంతుందో చూసి, ఎత్తుతో పోలుస్తాడు. ఎత్తు కంటే బార మిగిలితే, వాళ్లు ఆయన మనుషులు.

నిన్నూ అట్లాగే తీసుకున్నాడు. నెక్కొండలో పొద్దుటి ప్యాసింజర్ ఎక్కి ఇద్దరం వరంగల్ వచ్చాం. నీ టిఫిన్ డబ్బా నా చేతిలో ఉంది. గోడ మీద గీతలు చూసి సారు నవ్వాడు. "వీడు మనిషి కాదుర, కొంగ. రేపటి సంది రమ్మను" అన్నాడు.

మొన్న కీర్తన గీతలు చూసి మాత్రం నవ్వలేదు. "నాయినను మించింది" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

నీ ఆట గురించి నేను నీ పేరుతో ఒక్క వార్తా రాయలేదు. సొంత తమ్ముడి గురించి రాయకూడదని నా నియమం. ఇప్పుడు రాస్తే నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. పద్నాలుగేళ్లకు బంతి పట్టావు. ఆట మీద సర్కారు కొలువు సంపాదించావు. బెంగళూరు క్లబ్బు పిలిస్తే జీతానికి రెండు సీజన్లు ఆడి, మోకాలు చెడి, వెనక్కి వచ్చావు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో వరంగల్లోనే, మ్యాచ్ రెండో క్వార్టర్లో, ఎవరూ తాకకుండానే పడిపోయావు.

ఇందులో పట్టనివి చాలా ఉన్నాయి. రైలు దిగేటప్పుడు తలుపు దగ్గర నువ్వు మెడ వంచడం... కొలువు వాళ్లిచ్చిన క్వార్టర్‌లో మంచం చాలక కాళ్ల దగ్గర స్టూలు వేసుకోవడం... నెక్కొండ స్టేషన్‌లో మిర్చీ బజ్జీలాయన రోజూ అదే మాట అనేవాడు. "ఓ సాల్మనూ, పైన వానస్తాందా?" నువ్వు బజ్జీ నములుకుంటూ చెప్పేవాడివి. "అస్తాంది మామ. నీ కాడికి వచ్చేటాల్లకు జర టైం పడ్తది."

అన్నం తినేటప్పుడు పిల్లల ముందు నువ్వు చేసే పని ఒకటుండేది. ఎడమ మణికట్టును కుడిచేతి బొటనవేలు, చిటికెనవేలుతో చుట్టేవాడివి. ఆ రెండు వేళ్లూ ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. "చేతికి చేతే కడియం" అనేవాడివి. నేను ప్రయత్నిస్తే వేళ్లు కలిసేవి కావు. కీర్తనకు ఇప్పుడు కలుస్తాయి.

నువ్వు పడిన రోజు నేను నర్సంపేటలో పత్తి రైతుల ధర్నా దగ్గర ఉన్నాను. వచ్చేసరికి దవాఖాన వాళ్లు గుండెపోటు అని తేల్చారు. అందరం నమ్మాం. నమ్మకుండా ఉండటానికి అప్పుడు కారణం ఏముంది?

ఈ ఎండాకాలం హనుమకొండలో ఒక గుండె డాక్టరమ్మను కలిశాను, వేరే కథనం కోసం. బల్ల మీద నా ఫోన్ మోగింది. తెర మీద నీ ఫొటో ఉంది, కప్పు నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నది. ఆమె మాట ఆపేసింది.

"ఈయనెవరు సార్?"

"మా తమ్ముడు. పోయినేడు చనిపోయిండు. గుండెపోటు."

"అంతకుముందు వీపుల నొప్పి అన్నడా?"

అన్నావా? నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

"మీ నాయిన ఎట్ల పోయిండు?"

"మిర్చి కల్లంల. ఎండదెబ్బ అన్నరు."

"ఆయన గూడ పొడుగేనా?"

నేను ప్రశ్నలడిగి బతికేవాణ్ని, సాల్మన్. ఆ రోజు నాకు ప్రశ్నలంటే భయమేసింది.

ఆమె ఒక జబ్బు పేరు చెప్పింది. తర్వాత విప్పి చెప్పింది. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం గోడ ఆ జబ్బున్న వాళ్లలో బలహీనంగా ఉంటుంది. ఏళ్ల తరబడి సాగుతూ పోతుంది. ఒకరోజు చిరుగుతుంది. పొడుగైన వాళ్లందరికీ ఉండదు. ఉన్నవాళ్ల పిల్లలకు రావచ్చు, రాకపోవచ్చు... బొమ్మా బొరుసే. ముందే కనిపెడితే మందులున్నాయి, ఆపరేషన్ ఉంది, మనిషి దక్కుతాడు. ఇట్లాంటి ఆట మాత్రం ఉండదు.

ఆ తర్వాత టేపు తీసి, నన్ను గోడకు ఆనించి చేతులు చాపమంది. బార కొలిచింది. ఎత్తు కొలిచింది. రెండింటినీ పోల్చింది... కోచ్ సారు చూసేదే ఆమె కూడా చూసింది. ఆయన దేనికి మురుస్తాడో, ఈమె దానికే భయపడుతుంది. నా బార నా ఎత్తుకు సరిపోయింది. నా గుండె స్కాన్ కూడా బాగానే ఉంది. నేను అమ్మ పోలిక.

ఒక్క మనిషి మాట మీద నేను వార్త రాయను. హైదరాబాద్ వెళ్లి ఇంకో డాక్టరును అడిగాను. అదే మాట. నీ జట్టువాళ్లను ముగ్గురిని విడివిడిగా కలిశాను. నువ్వు పడిపోయే ముందు రోజు అన్న మాట ముగ్గురూ ఒకేలా చెప్పారు. "వీపుల ఎవడో బట్ట చింపినట్టున్నదిరా." నరం పట్టిందని స్ప్రే కొట్టారట. వాళ్ల తప్పేమీ లేదు. నాయిన కల్లంలో కూలబడితే మనూరు మొత్తం ఉల్లిగడ్డ దంచి పాదాలకు రాసింది. ఎవరికి తెలుసు?

నువ్వు చనిపోయావని నాకు అప్పుడే తెలుసు. ఎందుకు చనిపోయావో ఈ ఎండాకాలమే తెలిసింది. రెండోది తెలిసిన దగ్గరనుంచి నాకు కీర్తన చేతులు తప్ప వేరేదేదీ కనబడటం లేదు.

సునీతకు మొత్తం చెప్పాను. మీ ఆవిడ ఏడవలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. "లేని రోగాన్ని దేవులాడి తెచ్చుకుందామా బావా?" అంది. కాసేపటికి మళ్లీ తనే అంది. "ఆయన పోయినంక నాలుగు నెలలు పిల్ల మాట్లాడలే. నీకు తెల్వదా? బాల్ పట్టినంకనే నోరు తెరిసింది. అది గుంజుకుంటే మళ్ల నా బిడ్డ నాకు దొరుకుతదా?"

దానికి నీ దగ్గర జవాబు ఉందా?

కోచ్ సారు దగ్గరికి వెళ్లాను. అంతా విన్నాడు. "అదే ఒళ్లుతోని నీ తమ్ముడు ఇరవై ఏండ్లు ఆడిండు గదనే" అన్నాడు. ఇరవై ఏళ్లు ఆడావు, నిజమే. ఆ వాక్యం తర్వాతి వాక్యం కూడా నిజమే. అది ఆయనకు వినబడలేదు.

చివరికి నీ బిడ్డతోనే మాట్లాడాను. పదిహేనేళ్లు. నీలాగే మాట పూర్తయ్యేదాకా కళ్లద్దాలు తుడుస్తూ విన్నది. ఈ యేడు అద్దాల నంబరు రెండుసార్లు మారింది... డాక్టరమ్మ అడిగిన వాటిలో అదీ ఒకటి.

"పరీక్షల ఏమన్న తేలితే, నన్ను ఇగ ఆడనియ్యరు. అంతేనా పెద్దనాయినా?"

అంతేనన్నాను.

"అయితే శుక్రవారం మ్యాచ్ ఒక్కటి ఆడనియ్యిండ్రి. సీనియర్ల మీద. ఆ తెల్లారి ఏ దవాఖానకంటే ఆ దవాఖానకు వస్త. మా నాయినంత దూరం నన్నెవరూ పోనియ్యరు గద, ఒక్క మ్యాచ్ అన్న పోనియ్యిండ్రి."

సునీత ఆ బేరానికి ఒప్పుకుంది. నేను ఒప్పుకోలేదు. డాక్టరమ్మ కూడా స్కాన్ అయ్యేదాకా కోర్టులోకి పంపొద్దనే చెప్పింది. కానీ ఆ పిల్ల తరఫున సంతకం పెట్టాల్సింది తల్లి, నేను కాదు. రేపు పొద్దున ఇంకోసారి అడుగుతాను. రేపు సాయంత్రం కూడా అడుగుతాను.

నీకు ఫికర్ పెట్టడానికి రాయడం లేదు. ఒక సంగతి మాత్రం దాచలేను. ఇవాళ ప్రాక్టీసు మధ్యలో కీర్తన పక్కకు వచ్చి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కాసేపు వంగి నిలబడింది. ఏమైందని అడిగాను. "ఏం లేదు, వీపు పట్టింది" అంది. నీళ్లు తాగి మళ్లీ వెళ్లింది. సాయంత్రం దాకా బాగానే ఆడింది.

అది ఉత్త నరమే కావచ్చు. పిల్లలకు పడుతుంటాయి... కావచ్చు కదా?

తల్లికి ఫోన్ చేసి చెప్పాను. "శనివారం పోతున్నం గద బావా" అని పెట్టేసింది.

శుక్రవారం నేను ఆటగాళ్ల బెంచీ మీద, కీర్తన పక్కనే కూర్చుంటాను. కారు గేటు దగ్గర పెట్టిస్తాను. ఆ పిల్ల ఇంకొక్కసారి వంగితే ఆట మధ్యలోకి నడిచి వెళ్లి ఎత్తుకొస్తాను. రిఫరీ ఏమన్నా, సునీత ఏమన్నా, ఆ పిల్ల జన్మంతా నాతో మాట్లాడకపోయినా సరే. ఇది నీకు ఇస్తున్న మాట.

ఇవాళ బుధవారం. మ్యాచ్ శుక్రవారం సాయంత్రం ఐదింటికి. స్కాన్ శనివారం పొద్దున పదింటికి.

అన్న